గడియ పడని తలుపు

పొద్దున్నే చిన్నక్క మెట్లెక్కుతుంటే అందరూ పక్కకి తప్పుకుని దారిచ్చేవాళ్ళు. ఆమె పనిచేసే కుట్టు దుకాణం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ, చిన్నక్క ఎక్కితే దాని తలుపు మూసుకోదు. సగం దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి పోతుంది.

"అక్కా, నువ్వు దిగితే మేం పోతాం," అనేవాళ్ళు లోపలివాళ్ళు, మర్యాదగానే.

ఆమె దిగేది. మెట్ల మలుపులో గోడ పట్టుకుని, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కునేది.

ఏడాదిగా ఇదే వరస. చిన్నక్క ఏ గదిలో ఉంటే ఆ గదికి గడియ పడదు. ఇంట్లో పడకగది తలుపుకి ఇస్త్రీపెట్టె అడ్డం పెట్టుకున్నారు. స్నానానికి వెళితే అత్తగారు బయట కుర్చీ వేసుకుని తలుపు పిడి పట్టుకుని కూర్చునేది.

"తొందరగా కానీయవే, నా చెయ్యి లాగేస్తోంది."

"మీ అబ్బాయిని కూర్చోమనండి."

"వాడా? పిడి పట్టుకునే గుర్రు పెడతాడు."

తలుపులతో ఎలాగో సర్దుకున్నారు. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టకపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, ఊరికే గుండె దడదడలాడటం, ఇదీ బాధ. ఒక డాక్టరు గ్యాసన్నాడు. ఇంకొకాయన రక్తం తక్కువన్నాడు. ఆ తర్వాతాయన వాళ్ళిద్దరి చీటీలూ తిరగేసి, దిగులని తేల్చి నిద్రమాత్రలిచ్చాడు. అందరి మెడలోనూ గుండె చప్పుడు వినే గొట్టం వేలాడుతూనే ఉంది. ఒక్కడూ దాన్ని తీసి ఆమె గుండె మీద పెట్టిన పాపాన పోలేదు.

డాక్టర్ల దగ్గరా అత్తగారిది అదే పని. కోడలి గుట్టు నలుగురి నోళ్ళలో పడకూడదని బయట నిలబడి, పిడి రెండు చేతులా లాగిపట్టేది. లోపల ఏమన్నారని అడిగితే, "ఏం లేదన్నారత్తయ్యా," అనేది కోడలు. అంతే.

ఒకరోజు చిన్నక్క మెట్ల మీదే కూలబడింది. మర్నాడు మళ్ళీ ఆ దిగులు డాక్టరు దగ్గరికే వెళ్ళారు. ఈసారి అత్తగారు పిడి పట్టుకుని, తలుపు సందుకి చెవి ఆనించింది.

"కూర్చునే నిద్రపోతున్నానండీ," అంటోంది కోడలు.

"అత్తగారితో పడట్లేదా?"

"ఆవిడ మంచిదేనండీ."

"అందరూ అలాగే అంటారు. మొగుడు పట్టించుకోకపోతే మీ ఆడవాళ్ళకి ఇలాంటివే వస్తాయమ్మా. ఒళ్ళు వంచి పని చేసుకో, అన్నీ పోతాయి."

అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ చేతులు నొప్పెట్టేలా తను కాపాడింది కోడలి పరువు కాదు, ఈయనది. ఆవిడ పిడి వదిలేసింది.

తలుపు పోయి గోడకి కొట్టుకుంది. బయట బల్లల మీదివాళ్ళంతా తలలెత్తారు.

"మూయండి దాన్ని," అన్నాడు డాక్టరు.

"అది మూసుకోదు బాబూ. ఒళ్ళు వంచి పని చెయ్యాలన్నారు. తర్వాత?"

డాక్టరు లేచి తోశాడు. తలుపు సగం దాకా వచ్చి, వెనక్కి పోయింది.

"నాకూ ఒళ్ళు వంచమనే చెప్పాడు," అంది నడుముకి పట్టీ వేసుకున్న టీచరమ్మ. "వంగట్లేదనే కదా వచ్చాను."

"మా పిల్లకి మూర్ఛలొస్తుంటే పెళ్ళి చేసెయ్యమన్నాడు," అన్నాడు ఓ బస్సు కండక్టరు.

ఎవరూ గొంతు పెంచలేదు. ఎవరూ ఇంటికీ పోలేదు. గుమ్మానికి ఎదురుగా బల్లలు జరుపుకుని కూర్చున్నారు.

అంతమంది చూస్తుంటే డాక్టరు మెడలోంచి గొట్టం తీశాడు. చిన్నక్క గుండె మీద పెట్టి విన్నాడు. చోటు మార్చి మళ్ళీ విన్నాడు.

"గుండెకి స్కాను తీయాలి. ఇవాళే."

గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదనీ, ముందుకి పోవలసిన నెత్తురు వెనక్కి కారుతోందనీ స్కానులో తేలింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుని ఉంటే చెయ్యి దాటిపోయేదట. పెద్దాసుపత్రిలో కోసి బాగుచేశారు.

ఇంటికొచ్చాక చిన్నక్క స్నానానికి వెళ్ళింది. అత్తగారు కుర్చీ వేసుకుని పిడి పట్టుకోబోయింది. లోపల గడియ పడింది. పిడి మీద చెయ్యి తియ్యకుండా ఆవిడ అలాగే చాలాసేపు కూర్చుంది.

కుట్లు మానాక చిన్నక్క లిఫ్టులోనే పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. దుకాణంలో కాజాలు కుట్టే అమ్మాయికి తరచూ కళ్ళు తిరుగుతుంటే, ఆ డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళింది. తలుపు వెనకాలే మెత్తగా మూసుకుంది. డాక్టరు దానివంక చూసి, హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమ్మాయ్, ఇంట్లో ఏమైనా దిగులా?"

చిన్నక్క లేచి తలుపు బార్లా తీసింది. ఇప్పుడు పాదానికి వదులైన చెప్పు విడిచి, తలుపు కిందకి తోసింది.

"అడగండి డాక్టరు గారూ. అందరం వింటున్నాం."