భోజనంలో కోత

సాయంత్రమైతే చాలు, ఆ ఇంట్లో కటింగ్ మాస్టరుకి కాలు ఒకచోట నిలిచేది కాదు. గుమ్మం దాకా రావడం, వీధిలోకి చూడడం, మళ్లీ వంటగదిలోకి వెళ్లడం. కొత్త కోడలు ఆఫీసు నుంచి వస్తూ బేకరీలో కేకు పొట్లం తెచ్చేది. పెళ్లయిన కొత్త కదా, ఆ పిల్లకి అన్నీ సంబరాలే. ఎవరి ముక్క మీద క్రీము ఎక్కువుందని మొగుడితో తగవు పెట్టుకునేది, మామగారి మీసానికి క్రీము అంటితే పకపకా నవ్వేది. ఇంత ముచ్చటైన ఇంట్లో తప్పేముందని పాఠకులు అడగవచ్చు. తప్పు, మాస్టరు పొద్దున టైలరు షాపుకి పట్టుకెళ్లే క్యారియర్‌లో ఉంది.

ఆయనకి షుగరు ఉంది. మాత్ర ఏ రోజూ మానడు. కాని గుడ్డ కత్తిరించినట్టే తిండినీ కత్తిరించేవాడు. చొక్కాకి జేబు కావాలంటే గుడ్డ ఎక్కడో మిగల్చాలి. అలాగే సాయంత్రం కేకు కావాలంటే మధ్యాహ్నం భోజనం మిగల్చాలని ఆయన లెక్క. క్యారియర్ తోటివాళ్లకి పెట్టేసి, టీతో సరిపెట్టుకునేవాడు. మధ్యాహ్నాలు చెయ్యి వణికేది. పొద్దున్నే చూపు మసకేసేది. వయసనుకున్నాడు.

ఒకరోజు పెళ్లికొడుకు కోటు గుడ్డ మీద కత్తెర సుద్దగీత దాటిపోయింది. యజమాని గొంతు తగ్గించి అన్నాడు: "మాస్టారూ, మీ చెయ్యంటే నాకు గౌరవం. కానీ ఇంకో గుడ్డ పాడైతే కత్తెర పక్క బల్లవాడికిస్తాను. మీరు బొత్తాలు చూసుకుందురుగాని."

ఆ బొత్తాల మాట ఆయనకి మింగుడుపడలేదు. ఇంటికొచ్చినా తిరుగుడు ఆగలేదు.

"కాసేపు కూర్చోండి, నేల అరిగిపోతుంది" అంది భార్య.

కోడలు పొట్లం విప్పింది. "కాస్త పెద్ద ముక్క పెట్టమ్మా. ఇవాళ కూడా మధ్యాహ్నం తినలేదు" అన్నాడు మాస్టరు.

కోడలి చేతిలో చాకు ఆగింది. "ఇవాళ కూడానా, మామయ్యా?"

మాస్టరు తడబడ్డాడు. "కేకుకి చోటు ఉంచుతున్నానమ్మా. నువ్వంత ఇష్టంగా తెస్తుంటే వద్దనలేక."

కోడలు పొట్లం మూసేసింది. తన సరదాయే ఆయన భోజనాన్ని మింగేస్తోందని తెలిశాక ఆ పిల్లకి కుదురు లేకుండా పోయింది. మర్నాడే అత్తగారితో కలిసి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లింది.

అంతా విని డాక్టరమ్మ అంది: "మీది గుడ్డ లెక్క. ఒంట్లో అది చెల్లదు. ఖాళీ కడుపులో పడ్డ తీపి గబగబా రక్తంలోకి ఎక్కుతుంది, చూపు మసకేస్తుంది. ముందు కూరగాయలు, పప్పు, గుడ్డు లాంటివి తిని ఆ తరవాత తీపి తింటే నెమ్మదిగా ఎక్కుతుంది. మాత్ర వేసుకుని భోజనం మానారా, షుగరు పడిపోయి చెయ్యి వణుకుతుంది."

"అయితే బాగా తినేసి రెండు ముక్కలు వేసుకోవచ్చన్నమాట" అన్నాడు మాస్టరు ఆశగా.

"ఒకటే. చిన్నది. ఆ పూట అన్నమో రొట్టో తగ్గించుకుని. రోజూ కాదు."

బస్సులో భార్య మూతి ముడుచుకుంది. "ఇన్నాళ్లూ నా వంట షాపంతా తిన్నారన్నమాట. బాగుందని ఒక్కడైనా కబురు పెట్టాడా?"

బేకరీ పొట్లం సెలవురోజుకి మారింది, అదీ భోజనాలయ్యాక. క్యారియర్ ఖాళీగా ఇంటికొచ్చినప్పుడల్లా కోడలు "ఎవరు తిన్నారు?" అని నిలదీసేది. "నేనే తల్లీ, నేనే" అనేవాడు మాస్టరు. మెల్లగా వణుకు తగ్గింది, చూపు తేటపడింది.

కొన్ని వారాలకి మరో కోటు గుడ్డ బల్ల మీదికొచ్చింది. ఆ రోజే యజమానికి మనవరాలు పుట్టింది. భోజనాల వేళ కాకముందే మిఠాయి పెట్టె తెరిచాడు. ఆకలి మీదున్న చేతులన్నీ అటే వెళ్లాయి. మాస్టరు చెయ్యీ వెళ్లింది. ఎదురుగా గుడ్డ, పక్కన కత్తెర. వెళ్లిన చెయ్యి పెట్టె మూత వేసింది.

"అన్నాలు తిని తిందాం."

"తీపికి కూడా మంచి టైము చూడాలా మాస్టారూ?" నవ్వాడు యజమాని.

"నాకైతే చూడాలి బాబూ. చూడకే ఆ కోటు పాడుచేశాను."

అందరూ క్యారియర్లు విప్పారు. ఆ తరవాత మాస్టరు చిన్న ముక్క తిని, చెయ్యి కడుక్కుని, సుద్ద అందుకున్నాడు. కత్తెర గీత వెంటే నడిచింది. యజమాని టేపు పెట్టి కొలిచాడు. ఇంకో గుడ్డ తెచ్చి ఆయన ముందే పరిచాడు.

పాఠకులారా, తీపి మానలేకపోతే కొంచెమే తినండి, భోజనం తరవాత తినండి. దాని కోసం భోజనం మాత్రం మానకండి.