ఇరవయ్యో అక్షరం

"టైపు లోయరు పాసయిందిగా, అదే కొడుతుందిలెండి," అన్నారు మా ఆయన మొట్టమొదటి ఆదివారం. అదంటే నేనే. ఆ పూట కూర్చున్నదాన్ని మూడు నెలలైనా కొడుతూనే ఉన్నాను, మధ్యమధ్య లేచి కాఫీలు కలుపుతూ.

ఎనభై ఏడులో ఆయన పాండిచ్చేరి వెళ్ళి, టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటరూ దానికో బుల్లి ప్రింటరూ తెచ్చుకున్నారు. అప్పట్నుంచి యానాంలో మా ముందుగది కంప్యూటర్ క్లబ్బయింది. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే లూయిస్, హైస్కూల్లో లెక్కలు చెప్పే గోపాలకృష్ణ గారు, ఇంకో నలుగురు వచ్చేవారు. ఒకరికి సందేహం, ఇంకొకరిది సమాధానం, దానిమీద మూడోవారి వాదన. వాదించేది వాళ్ళు, కొట్టేది నేను. కొట్టి కొట్టి, పప్పు రుబ్బుతూ వాళ్ళ మాటలు విని విని, ప్రోగ్రాంలో ఏ లైను ఏం చేస్తుందో నాకూ తెలిసిపోయింది. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ మధ్య క్లబ్బు ఓ ఘనకార్యం తలపెట్టింది. ఊళ్ళో లైబ్రరీ సభ్యుల పేర్లన్నీ ఎక్కించి, రెండుసార్లు రాసినవి తీసేసి, అక్షరక్రమంలో అచ్చేసి ఇవ్వాలి. మూడు వందల పన్నెండు పేర్లూ నేనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. లిస్టు ఆయన పట్టుకెళ్ళి ఇచ్చి, శాలువా కప్పించుకుని వచ్చారు.

శుక్రవారం పుస్తకం కోసం వెళితే లైబ్రరీ ఇన్నయ్య గారు లిస్టు రెండుసార్లు తిరగేశారు. "ఆయ్, మీ పేరు లేదండమ్మా. సార్ పేరుంది. సార్ పేరు మీద రాసెయ్యమంటారా?"

తొంగి చూశాను. కె. వీరవెంకటసత్య... అంతే. ఆపైన తెగిపోయి ఉంది.

"ఇది సార్ పేరని ఎలా తెలిసిందండీ?"

"భలేవారే! మరి సార్‌దే గదండమ్మా!"

ఒళ్ళు మండిపోయింది. ఆ లైబ్రరీ కార్డు ఈ ఊళ్ళో నా పేరున ఉన్న ఒకే ఒక్క కాగితం. పాత రిజిస్టరు తీయించి పక్కన పెట్టుకుని చూశాను. నాతో కలిపి పద్నాలుగు మంది మాయం. పెళ్ళాలు, కూతుళ్ళు, ఇద్దరు ముగ్గురు తమ్ముళ్ళు. అందరివీ పొడుగు పేర్లే. అన్నవరం స్వామి పేరు ఇంటింటా పెట్టుకునే ఊళ్ళు మావి. ఇల్లు చేరేలోగా విషయం బోధపడింది.

ఆదివారం పద్నాలుగు పేర్లు పోయాయని చెప్పగానే క్లబ్బంతా తల పట్టుకుంది. పేర్లు దాచిన క్యాసెట్ పాడైందని ఒకరు, కరెంటు ఎగుడుదిగుడని ఒకరు. మా ఆయన మాత్రం తేలిగ్గా నవ్వేసి నావైపు తిరిగారు.

"ఓస్, దీనికేముంది! నీ పేరు ఉత్త సత్య అని కుదించి కొట్టెయ్. ఎవరికీ ఇబ్బందుండదు."

ఎవరికీ ఉండదట. ఆ ఎవరిలోనూ నేను లేనన్నమాట. కాఫీ ట్రే కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చున్నాను.

"తప్పు నా పేరులో లేదండీ, నూట నలభయ్యో లైన్లో ఉంది. జాగా కలిసొస్తుందని పేరుకి ఇరవై ఇంగ్లీషు అక్షరాలే ఉంచమన్నారు. ఆ తర్వాత ఒకేలా ఉన్నవాటిలో రెండోది తీసెయ్యమన్నారు. ఇప్పుడు వినండి. కె. వీరవెంకటసత్యనారాయణ. కె. వీరవెంకటసత్యవతి."

"అయ్యయ్యో, మొగుడి పేరు అంత గట్టిగానా!" గుమ్మంలోంచి మా అత్తగారు చెంపలేసుకున్నారు. పెళ్ళిచూపుల్లో పేర్లే కలిసొచ్చాయని మురిసిపోయింది ఆవిడే. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన పేరు నేను పలకడం అదే మొదలు. నోరేమీ పడిపోలేదు.

"ఇరవయ్యో అక్షరం దాకా ఇద్దరం ఒకటే," అన్నాను. "నేను మొదలయ్యేది ఆ తర్వాత."

గోపాలకృష్ణ గారు గొంతు సవరించుకున్నారు. "ముప్ఫై చేస్తే మెమరీ చాలదేమోనమ్మా."

"పేరుకి పదక్షరాలు ఎక్కువ. మొత్తం మూడు వేల చిల్లర. పదకొండు వేలు ఖాళీ ఉంది, పొద్దున్నే చూశాను."

లూయిస్ పకపకా నవ్వాడు. "అక్కా, ఇంతకాలం చెప్పలేదేం?"

"ఎవరడిగార్రా?"

మా ఆయన గోడకేసి చూసి, "కాఫీ చల్లారిపోతోంది," అని గొణిగారు.

"ట్రే అక్కడే ఉంది, అందరికీ అందించండి. వచ్చేవారం నుంచి కొట్టడం వంతులవారీగా, వాదించడం అందరం."

ఇరవై చెరిపి ముప్ఫై చేశాను. ప్రింటరు కీచుమంటూ కదిలింది. పద్నాలుగు మందీ తిరిగొచ్చారు. ఆయన పేరు, దాని కిందే నా పేరు, చివరి అక్షరంతో సహా. కాగితం మీదకి వంగిన మా అత్తగారి మొహం విప్పారింది.

"చూశావా, ఎంత చేసినా మొగుడి పేరే పైన!"

"అది అక్షరక్రమం అత్తయ్యా," అన్నాను. "అంతకుమించి ఏమీ లేదు."