ఒక్క పూట నాయనమ్మ

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో మట్టయ్యది మూడంతస్తుల ఇల్లు. ఇల్లని కాగితాల్లో ఉంది, గేటు మీద మాత్రం లేడీస్ హాస్టల్ అని బోర్డుంది. హాస్టల్‌కు లైసెన్సు కావాలంటే రెండో మెట్లదారి కట్టాలి, మంటలార్పే సరంజామా పెట్టాలి, గదికి ఇంతమందే అన్న నియమం పాటించాలి. రెండో మెట్లు కడితే అంతస్తుకో గది పోతుంది. గది పోవడమంటే మట్టయ్యకు ప్రాణం పోయినట్టే. అందుకని ఏళ్ల తరబడి లైసెన్సు ఊసే ఎత్తలేదు.

ఆ మధ్య ఎక్కడో ఒక హాస్టల్ తగలబడింది. దాంతో తనిఖీలు మొదలయ్యాయి. మట్టయ్య ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. తన వంతు వచ్చిన రోజు పొద్దున్నే బోర్డు పీకించాడు, మంచాలు మిద్దె మీదికెక్కించి టార్పాలిన్ కప్పించాడు, అమ్మాయిలను లైబ్రరీకి తరిమాడు. సంసారుల ఇల్లులా కనబడాలంటే సంసారం కావాలి కదా. భార్య సూర్యప్రభ ఉంది, పిల్లల్లేరు, తల్లి ఎప్పుడో పోయింది. కూతురిగా హాస్టల్లో ఉండే జోస్నాను నిలబెట్టాడు. తల్లిగా వంట చేసే ఎలీశమ్మను ఎంచాడు.

ఎలీశమ్మ జోస్నాకు సొంత అమ్మమ్మ. తల్లి పోయిన పిల్లను చంకనేసుకుని పెంచింది. ఎల్బీనగర్‌లో ఉన్న కిరాయి గది ఖాళీ చేసి ఇక్కడ వంటకు చేరింది. జీతం సగమే, మిగతా సగానికి బదులు జోస్నాకో మంచం. ఆ మంచం మీదే పిల్ల గ్రూప్స్‌కు చదువుతోంది. హాస్టల్‌కు సీలు పడితే ఇద్దరూ రోడ్డు మీదే. ఆ సంగతి మట్టయ్యకు బాగా తెలుసు, అందుకే బతిమాలలేదు.

"ఒక్క పూట నా తల్లివనుకో ఎలీశమ్మా. సోఫాల కూసో, నోరు తెరవకు. జోస్నా నిన్ను నాయనమ్మా అంటది. గంతే."

సూర్యప్రభ తన పాత పట్టుచీర కట్టించి, అద్దం మీది స్టిక్కరొకటి పీకి నుదుట అంటించింది. ఎలీశమ్మ బుద్ధెరిగాక ఎన్నడూ బొట్టు పెట్టుకోలేదు. చెయ్యి దానంతటదే నుదుటిదాకా పోయింది.

"తీసినవంటే చూడు," అంది సూర్యప్రభ.

జోస్నా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పిల్ల నవ్వుతోంది, అదే చాలనుకుంది ఎలీశమ్మ, పిచ్చిది.

తనిఖీకొచ్చిన ఆఫీసరు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతాడు. గదులన్నీ తిరిగాడు. వంటింట్లో గంగాళమంత గిన్నె చూసి, "చుట్టాలు బాగా వస్తారనుకుంటానండీ," అన్నాడు. సూర్యప్రభ అవునంది. తర్వాత వచ్చి సోఫాలో ఎలీశమ్మ పక్కన కూర్చున్నాడు.

"బాగున్నారా అమ్మా? మీ అబ్బాయి బాగా చూసుకుంటున్నాడా?"

ఆమె తలూపింది. అంతా సాఫీగానే ఉంది. అప్పుడే మట్టయ్య మిద్దె దిగి హాల్లోకొచ్చాడు.

ఎలీశమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుని చేతులు కట్టుకుంది. "చాయ్ పెట్టాల్నా సారూ?" అంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, పనిచేసిన ప్రతి ఇల్లూ తలా ఇంత నేర్పి పంపింది.

ఆఫీసరు నవ్వాడు. "కొడుకుని చూసి లేచి నిలబడే తల్లిని నేనెక్కడా చూడలేదండీ."

మట్టయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆఫీసరు జోస్నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఈవిడ నీకేమవుతుంది?"

నాయనమ్మంటుందో, అమ్మమ్మంటుందో, ఏదో ఒకటి అంటే చాలు ప్రభువా అనుకుంది ఎలీశమ్మ.

జోస్నా తడబడలేదు. "ఏం కాదు సర్. మా ఇంట్ల వంట చేస్తది. జర మతి తప్పింది. ఎవరన్న ఒస్తే మా మమ్మీ చీర కట్టుకొని ఇంటి పెద్దలెక్క కూసుంటది. ఎళ్లగొడితే యాడికి పోతదని డాడీ ఊకుంటడు."

"పాపం," అన్నాడు ఆఫీసరు. మీలాంటి దయగలవాళ్లు ఈ రోజుల్లో అరుదని మట్టయ్య భుజం తట్టాడు. హాస్టల్ కాదు, కుటుంబం ఉంటున్న ఇల్లేనని రాసుకున్నాడు. మళ్లీ ఒకసారి వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

గేటు పడగానే మట్టయ్య పగలబడి నవ్వాడు. "సొంత బిడ్డకు గూడ గింత తెలివుండదు! కిటికీ పక్క మంచం ఇగ నీదే జోస్నా." ఎలీశమ్మ వైపు తిరిగేసరికి నవ్వు లేదు. "ఆయన మళ్లొస్తడు. గీ ఇంట్ల అమ్మమ్మా అన్న మాట ఇనబడితే ఇద్దరు గేటు బయటనే. సమజైందా?"

"సమజైంది సారూ."

మంచాలు దిగాయి, బోర్డు ఎక్కింది. అమ్మాయిలు తిరిగొచ్చి ఉన్న ఒక్క మెట్లదారిలోనే తోసుకుంటూ పైకెక్కారు. ఎలీశమ్మ పట్టుచీర మడతపెట్టి ఇచ్చేసి, చారు కాచి, పీట మీద కూలబడింది. అయినా పిల్ల తప్పేముంది, మంచం నిలబెట్టుకుంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఎవరూ లేనప్పుడు వచ్చి ఒళ్లో తలపెట్టి ఏడుస్తుంది, ఒక్క మాటనను, తల నిమురుతా అనుకుంది.

జోస్నా వచ్చింది. వంటింట్లో ఇంకెవరూ లేరు. గుమ్మంలో అడుగుల చప్పుడు కాగానే ఎలీశమ్మ లేచి నిలబడింది, కొంగు సర్దుకుని చేతులు కట్టుకుంది. లేచానన్న సంగతి ఆ తర్వాత తెలిసింది. కూచో అంటుందేమోనని పిల్ల ముఖంలోకి చూసింది.

జోస్నా పళ్లెం చాపింది.

"నుదుటి మీద గా స్టిక్కరు తియ్ ఆంటీ," అంది. "చూసెటోళ్లు నిజంగనే మతి తప్పిందనుకుంటరు."