తాయారు గారి అర్ధాయువు

ఉదయం పదకొండుంపావుకి డిటెక్టర్‌లో పడిన కొత్త మూలకం తాయారు మేడమ్. గాజు కిటికీలోంచి చూస్తాను. ఆవిడే. నీలం గళ్ల చేనేత చీర, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఆవిడ పోయి ఆరేళ్లవుతోంది.

నేను ఈ యాక్సిలరేటర్ దగ్గర టెక్నీషియన్ని. కాల్షియం కణాలను మహావేగంగా పరిగెత్తించి ఒక బరువైన లోహపు రేకుకేసి కొడతాం. కోటానుకోట్ల దెబ్బల్లో ఒక్కటి అతుక్కుంటే, ఇంతవరకూ లేని మూలకం పుడుతుంది. దానికోసం మేడమ్ ఇరవైరెండేళ్లు ఎదురుచూశారు. రిటైరయ్యేదాకా రాలేదు.

తలుపు తీస్తాను.

"ఏవమ్మా సుగుణా, టైము రాస్తున్నావా?"

"రాస్తున్నాను మేడమ్."

కొత్త మూలకం నిలవదు. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల చొప్పున విడిచిపెడుతూ తేలికవుతుంది. ఆ మెట్లన్నీ రాసి ఉంటేనే అది వచ్చిందని లోకం నమ్ముతుంది. మేడమ్ రెండు గాజులు, రెండు పిన్నులు తీసి నా అరచేతిలో పెడతారు. వెచ్చగా ఉన్నాయి. ఆవిడ జుట్టు సగం నల్లబడుతుంది. పదకొండూ పదిహేడు అని రాస్తాను.

మళ్లీ రెండు గాజులు, రెండు పిన్నులు. ఇప్పుడు మోకాలి నొప్పి లేదు. చటుక్కున లేచి, "ఇవాళ గోంగూర తెచ్చావా?" అంటారు. తెచ్చాను. ఆ రోజుల్లోలాగే స్టూలు మీద కారేజీ విప్పుకుని తింటాం. పంపుల రొద కూడా అప్పటిదే.

"ఇక్కడే ఆగిపోండి మేడమ్."

"ఆగితే నేనెవరో ఎలా తెలుస్తుంది?"

మూడోసారికి ఆవిడకు నలభైమూడేళ్లు. ఆ వయసంటేనే నాకు భయం.

"ఆ సోమవారం తెర మీద ఒక చుక్క పడింది చూడు, అదేమైంది?"

"నేనే లెక్కల పుస్తకంలో గీత పెట్టి కొట్టేశాను మేడమ్. ఏదో దుమ్మనుకున్నాను. బస్సు వెళ్లిపోతుందని తొందర. మీకు చెప్పలేదు."

"తెలుసు. ఆ గీత నీ చేతిదే."

"కోపం రాలేదా?"

"రాకేం? వారం రోజులు నీ కారేజీ ముట్టుకోలేదుగా."

గుర్తుంది. ఆ వారమంతా ఆవిడ ఉపవాసాలుంటున్నారనుకున్నాను.

మేడమ్ నా కారేజీలోంచి ముద్ద ఒకటి తీసుకుని తింటారు. నాకు కళ్లు మసకబారతాయి. టైము రాయడం మాత్రం ఆపను.

కాసేపటికి నాకంటే చిన్నదై "అక్కా" అంటుంది. ఇంకాసేపటికి తొమ్మిదేళ్ల పిల్ల, చేతులు బోసిగా, గౌనులో నిలబడి ఉంటుంది.

"అయిపోయాయి. ఇంక మారను."

సీసం అయిందన్నమాట. సీసం నిలుస్తుంది. పన్నెండూ అయిదు అని రాసి, కాగితం కింద సంతకం చేస్తాను.

"మనిల్లెక్కడక్కా?"

వేలు పట్టుకుని బయటికి తీసుకొస్తాను. ఎంత తేలికైనా సీసం సీసమే. చిన్న పాదాల కింద సిమెంటు బాట గుంటలు పడుతుంది. ఆ బరువుకు స్టాఫ్ క్వార్టర్సన్నీ ఇటు వాలుతాయి. ఒక్కొక్క ఇల్లే పునాది విదిలించుకుని, గడప ముందుకు చాచి, ఎండలో మా వెంట నడుస్తుంది. పిల్ల వెనక్కి తిరిగి ఒక ఇంటి నుదుటి మీద చెయ్యి వేస్తుంది. ఇల్లు గేదెలా ముందుకాళ్లు మడిచి కూర్చుని, మేం లోపలికి వెళ్లేదాకా నెమరు వేస్తుంది.