ఎర్ర కార్డు ఎత్తిన చెయ్యి

“ఈసారి స్పీచ్‌లో నువ్వు కూడా ఉన్నావు,” అన్నాడు మా ఆయన, అద్దంలో తన పళ్ళు తనే చూసుకుంటూ. నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. చెయ్యి ఆగిపోయింది, ఇంకాస్త అయితే కాలరు మాడేదే. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన నలుగురిలో మాట్లాడే మాటల్లో నేనెప్పుడూ లేను. ఉంటే గింటే కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు ఉంటాను, కారు తాళం కనపడనప్పుడు ఉంటాను. అందుకని సిగ్గు లేకుండా సంబరపడ్డాను. ఏం చెబుతున్నారండీ అని అడిగితే, అక్కడే విను, ముందే చెప్పేస్తే మజా ఏముంటుంది అన్నాడు. మామూలుగా ఆయన స్పీచ్‌లు టైపు చేసేది నేనే, ముందుగదిలో అటూ ఇటూ నడుస్తూ చదువుతుంటే టైము చూసేదీ నేనే. ఈ ఒక్కటి మాత్రం పదిరోజులుగా కారులో ఒక్కడే కూర్చుని ప్రాక్టీసు చేసుకున్నాడు. పేరు ‘అమ్మ గది’ అని తెలుసు. మా అత్తగారు పోయి ఐదు నెలలైంది. ఆ గది గురించి మాట్లాడుతూ నా పేరెత్తాడంటే, కళ్ళతో చూసిందే కదా చెబుతాడు అనుకున్నాను. గడప దాటాక చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అన్నాడు, రెడ్ కార్డు కంగారుపడి ఎత్తకు, కాస్త అటూ ఇటూ అయితే నువ్వే చూసుకో, ఇవాళ గెలిస్తే పై పోటీకి వెళ్తాను అని.

ఆ చూసుకోవడం ఏమిటో చెప్పాలి. లైబ్రరీ మేడమీద హాల్లో నెలకి రెండు శనివారాల సాయంత్రాలు మా క్లబ్బు కూడుతుంది. నలుగురిలో నోరు విప్పడానికి భయపడేవాళ్ళు ఆ భయం పోగొట్టుకోవడానికి వస్తారు, భయమన్నదే లేనివాళ్ళు కప్పు పట్టుకుపోవడానికి వస్తారు. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. ఐదో నిమిషానికి ఆకుపచ్చ కార్డు, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు. ఎరుపు ఎత్తాక ముప్పై సెకన్లు దాటితే ఆ స్పీచ్ ఓటింగులో ఉండదు. టైమ్‌కీపర్ చదివిందే లెక్క. మూడేళ్ళుగా టైమ్‌కీపర్ని నేనే. నన్ను స్టేజీ ఎక్కమని ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువ కదమ్మా అంటూ మా అధ్యక్షుడు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన, మొదటి రోజే స్టాప్‌వాచ్ నా చేతిలో పెట్టారు. రెండుసార్లు మా ఆయన ఏడూ నలభై దాటి మాట్లాడితే ఏడూ ఇరవై అని చదివాను. తిరిగొచ్చేటప్పుడు కారులో ‘నువ్వే నా బలం’ అన్నాడు. ఆ ముక్క పట్టుకుని వారం రోజులు బతికాను. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మొదట ఇన్సూరెన్స్ ఏజెంటు మాట్లాడాడు, తర్వాత డ్రైవింగ్ స్కూలాయన. మూడోవాడు మా ఆయన. ముందు వరసలో నా పక్కన పళ్ళ డాక్టరమ్మ కూర్చుంది. స్టాప్‌వాచ్ నొక్కాను. ఆయన గొంతు బాగుంటుంది, అబద్ధమెందుకు. పక్షవాతంతో అమ్మకి కుడివైపంతా పడిపోయిన రోజు దగ్గర మొదలుపెట్టాడు. హాలంతా చెవులప్పగించింది. రెండేళ్ళపాటు ఆ గదే తనకి గుడి అన్నాడు. “పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి, ఈ రెండు చేతులతో అమ్మని పక్కకి తిప్పేవాణ్ణి,” అంటూ చేతులు చాపి చూపించాడు. శుభ్రమైన చేతులు, ఉంగరం తళతళా మెరిసింది. అప్పుడు నా వైపు తిరిగాడు. నా వంతు వచ్చిందనుకుని, పిచ్చిదాన్ని, నవ్వడానికి మొహం సిద్ధం చేసుకున్నాను. “అదిగో, నా శ్రీమతి. చాలా సున్నితం. ఆ గది వాసనకే తనకి కళ్ళు తిరిగేవి. నేనేమీ అనుకోలేదు. ప్రేమ ఉన్న చోట వాసన ఉండదని అందరికీ తెలియాలని లేదు కదా.”

తల కొట్టేసినట్టయింది. ముప్పై మంది మెడలు తిప్పి నన్ను చూశారు. డాక్టరమ్మ నా చేతిమీద చెయ్యి వేసి, పోనీలెండి, అందరికీ చేతకాదు అంది. జాలిగానే అంది, అదే భరించలేకపోయాను. పదకొండేళ్ళు రక్తపరీక్షల ల్యాబులో పనిచేశానమ్మా, ఊరందరి మలమూత్రాలూ సీసాల్లో నా చేతులమీదుగా వెళ్ళాయి, నాకా వాసన అందామనుకున్నాను. అంతలో ఆకుపచ్చ కార్డు ఎత్తాల్సిన సమయం వచ్చింది, ఎత్తాను.

ఆ ఉద్యోగం మాన్పించింది ఈయనే. ఆయాలని నమ్మలేం, అమ్మ కదా, ఆ రక్తం సీసాలు నువ్వు కాకపోతే ఇంకొకరు మోస్తారు అన్నాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు అక్కడి నర్సు ఒకే మాట పదిసార్లు చెప్పింది, రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలి, బద్ధకిస్తే ఒళ్ళంతా పుండ్లు పడతాయి అని. ఫోనులో అలారం పెట్టుకున్నాను. ఆ మోత ఆపు, పొద్దున నాకు మీటింగుంది అని పక్కగదిలోంచి అరిస్తే, మోత తీసేసి ఫోను నడుము దగ్గర దోపుకున్నాను, అది వణికినప్పుడల్లా లేచేదాన్ని. క్లబ్బుకి వచ్చినా రెండు గంటలు నిండేలోగా ఇంటికి చేరేదాన్ని. మనిషి సన్నమే కానీ సగం ఒళ్ళు మాట విననప్పుడు బరువు రెండింతలవుతుంది. లాగీ లాగీ నా కుడి భుజం పాడైంది, ఇప్పటికీ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. ఈయన రోజుకి రెండుసార్లు వచ్చేవాడు, అది నిజమే. గుమ్మం దగ్గర ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఎలా ఉన్నావమ్మా అనేవాడు, తలుపు వేసి వెళ్ళిపోయేవాడు. ఒక్కసారి మాత్రం పొరపాటున పక్కబట్ట మార్చేటప్పుడు లోపలికొచ్చాడు. పరుగెత్తి వాష్‌బేసిన్‌లో కక్కుకున్నాడు. కళ్ళు తిరుగుతున్నాయంటే కుర్చీ వేసి నీళ్ళిచ్చింది నేను. అంటే కళ్ళు తిరగడం నిజమే, తిరిగిన కళ్ళు ఎవరివన్నదే మార్చాడు.

పసుపు కార్డు ఎత్తాను. అమ్మ ఆఖరి మాటల దగ్గరికి వచ్చాడు. “చెయ్యి పట్టుకుని అంది, నాన్నా, నువ్వు నాకు అమ్మవయ్యావురా అని.” ఎవరో వెనక ముక్కు చీదారు. ఆవిడ ఆఖరి మాటలు నాకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం, భోంచేసి ఈయన పక్కగదిలో పడుకున్నాడు. ఆవిడకి ఊపిరి అందడం లేదు. పిలుస్తాను ఉండండత్తయ్యా అని లేవబోతే, మంచి చెయ్యి పైకెత్తి వద్దంది. మూతి వంకరపోవడంతో మాట స్పష్టంగా రాదు, నాకు మాత్రం అర్థమయ్యేది. “తలుపు దగ్గరగా వెయ్యి అమ్మాయ్, వాడు లేస్తాడు,” అంది. వేశాను. నన్ను ఆవిడ ఒక్కనాడూ మెచ్చుకోలేదు, నీ చేతులు చల్లగా ఉంటాయని సణిగేది. మెచ్చుకోవాలని నేనూ అనుకోలేదు. చేసింది చేసినట్టు ఒక్క మనిషికి తెలిసుంటే చాలనుకున్నాను. ఆ మనిషి ఇప్పుడు మైకు ముందు నిలబడి ఉన్నాడు.

ఏడు నిమిషాలు. ఎర్ర కార్డు ఎత్తాను. ఆయన చూశాడు, చిన్నగా నవ్వి చూపు తిప్పుకున్నాడు. మాట్లాడేవాళ్ళు ఆపేదాకా ఎర్ర కార్డు దించకూడదు, అది రూలు. పది సెకన్లకే భుజం లాగింది. ముప్పైకి నరాలు జివ్వుమన్నాయి. స్టాప్‌వాచ్ ఉన్న ఎడమచేత్తో మోచెయ్యి కింద ఆనించి పట్టుకున్నాను. ఈయన ‘అమ్మ’ అనే మాట గురించి ఇంకా చెబుతూనే ఉన్నాడు. నలభై. యాభై. ఆ చేతిని చూస్తూ మాట్లాడుతున్నాడు, ఆ చెయ్యి ఎందుకు వణుకుతోందో ఆయనకి తట్టనైనా తట్టలేదు. చప్పట్లు మొదలయ్యాక స్టాప్‌వాచ్ ఆపాను. కొంతమంది లేచి నిలబడ్డారు.

ఓటు చీటీలు పంచేముందు అధ్యక్షుడు నన్ను పిలిచారు. మైకు దగ్గరికి వెళ్ళి కాగితం చూసి చదివాను. మొదటివారు ఆరు నిమిషాల యాభై సెకన్లు. రెండోవారు ఏడు నిమిషాల నాలుగు సెకన్లు. మూడోవారు. అక్కడ ఆగాను. మా ఆయన కాలుమీద కాలు వేసుకుని, డ్రైవింగ్ స్కూలాయన భుజం తడుతుంటే, అలవాటైన కళ్ళతో నన్ను చూశాడు. చూసుకో అనే చూపు. ఏడూ ఇరవై అని చదివితే కారులో మళ్ళీ నేనే ఆయన బలాన్నవుతాను. పై పోటీలో ఇంకా పెద్ద హాల్లో ఇంకా ఎక్కువ మంది ముందు నాకు మళ్ళీ కళ్ళు తిరుగుతాయి.

“ఎనిమిది నిమిషాల పదకొండు సెకన్లు,” అన్నాను.

అధ్యక్షుడు ఇబ్బందిగా దగ్గారు. ఆపేటప్పుడు బటన్ ఆలస్యంగా నొక్కి ఉంటావేమో, ఒకసారి సరిచూసుకో అమ్మా అన్నారు. మా ఆయన కూర్చున్నచోటు నుంచే నవ్వాడు. “మా ఆవిడకి గడియారంతో ఎప్పుడూ పేచీయేనండీ. ఇంట్లో టీ కూడా టైముకి రాదు.” అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది.

నేను స్టాప్‌వాచ్‌ని వాళ్ళకి కనపడేలా బల్లమీద పెట్టాను. మూడేళ్ళలో ఆ మైకులో అంకెలు తప్ప ఏమీ చదవలేదు.

“మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలండీ,” అన్నాను. “పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పితే నెల తిరక్కుండా వీపంతా పుండ్లు పడతాయి. కావాలంటే డాక్టరమ్మగారిని అడగండి. మా అత్తగారికి రెండేళ్ళలో ఒక్క పుండు పడలేదు. అప్పుడు టైము చూసింది నేనే. ఎనిమిది నిమిషాల పదకొండు సెకన్లు. అలాగే రాసుకోండి.”