తాతబ్బాయి గారి కళ్లు

నేను ఒక రా ఫైలును. పేరు వినగానే మొహం అలా పెట్టకండి, చెబుతాను. డిజిటల్ కెమెరా ఒక్కసారి కన్ను తెరిచి మూసేలోపు లోపలికి ఎంత వెలుగు వచ్చిందో అంతా ఎక్కడిదక్కడ పట్టి ఉంచుకున్న పచ్చి సరుకును నేను. మీరు ఫోన్లలో చూసి మురిసిపోయే ఫొటోలున్నాయే, అవి వండి వడ్డించిన అన్నం. నేను ఎసట్లో పడని బియ్యం. నన్ను తెరవడానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి, తెరిచాక వెలుగూ రంగూ సరిచూసే మనిషి కావాలి, ఆ మనిషికి కాస్త ఓపిక కావాలి. మొదటి రెండూ ఎలాగో దొరుకుతాయి.

నేను పుట్టింది సామర్లకోటలో, స్టేషనుకి అవతల ఒక ఫంక్షన్ హాల్లో, బుల్లబ్బాయి గారి అమ్మాయి ఓణీల ఫంక్షను రోజున. తీసినవాడు జ్యోత్స్న డిజిటల్స్ నూకరాజు. మనిషి మంచివాడే గాని అప్పుడు కొత్త కెమెరా మోజులో ఉన్నాడు. అమ్మిన షాపువాడు ‘రాలో కూడా పడేలా పెట్టుకోండి సార్, ఎప్పటికైనా పనికొస్తుంది’ అన్నాడట, పెట్టేశాడు. ఎందుకు పనికొస్తుందో ఆయన అడగలేదు, వాడు చెప్పలేదు. అలా ఒక్క నొక్కుకి ఇద్దరం పుట్టాం. ముందు నేను, నా వెనకే జేపెగ్ తమ్ముడు. వాడు తేలిగ్గా, నిగనిగలాడుతూ, ఏ ఫోన్లో పెట్టినా ఇట్టే తెరుచుకుంటాడు. నేను వాడికి ఐదింతలు బరువు, పైగా చూడబోతే మొహం నలుపు. ఇక ఎవరిని ముద్దు చేస్తారో మీరే చెప్పండి. వాడు ఆల్బంలోకి వెళ్లాడు, వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లాడు, ఊళ్లు తిరిగాడు. నన్ను స్టూడియో సిస్టంలో ఒక ఫోల్డర్లో పడేశారు. చోటు చాలనప్పుడల్లా మాలో కొందరిని తుడిచేసేవాళ్లు. నా వరస వచ్చేసరికి ఎవరో పాస్‌పోర్టు ఫొటోకి వచ్చారు, అలా బతికిపోయాను.

నాలో ఉన్నది గ్రూపు ఫొటో. సోఫాలో ఓణీ కట్టుకున్న పిల్ల, చుట్టూ బంధువులు. నూకరాజు లైట్లన్నీ పిల్ల మీదే పెట్టాడు, అది న్యాయమే. ఎడమ చివర లైటు అందని చోట పిల్ల పెదనాన్న తాతబ్బాయి గారు నిలబడ్డారు. రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన్ని ఆ రోజు కెమెరా పట్టించుకోలేదు, ఆయనా కెమెరాని పట్టించుకోలేదు.

ఫంక్షనైన నాలుగు నెలలకి తాతబ్బాయి గారు పోయారు. పొద్దున్నే గుండెల్లో నొప్పన్నారట, కాకినాడ తీసుకెళ్లేలోపే అయిపోయింది. తమ్ముడు బుల్లబ్బాయి గారు స్టూడియోకొచ్చి దినానికి ఫ్లెక్సీ, ఇంట్లో గోడకి ఒక పెద్ద ఫొటో కావాలన్నారు. ఆధార్ కార్డు తెచ్చారు గాని, దాన్ని పెంచితే మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. రైల్వే కార్డులో ఉన్నది పాతికేళ్ల కుర్రాడు. చివరికి నా తమ్ముణ్ని తెరిచారు. మొహం మసకే గాని పోల్చుకునేలా ఉంది.

ఇక్కడ మీకు దయానందం గురించి చెప్పాలి. స్టూడియోలో ఎడిటింగ్ అంతా ఆయనదే. పదహారేళ్లుగా ఆ కుర్చీలోనే ఉన్నాడు. చేతిలో పనితనం ఉన్నవాడు, కాదనను. కాని ఎవరి ఫొటో వచ్చినా అడక్కుండానే రెండు షేడ్లు తెల్లగా చేసేస్తాడు. ఈ ఊళ్లో నల్లగా పుట్టినవాళ్లు ఉన్నారుగాని నల్లగా పోయినవాళ్లు లేరు. ఆయన సిస్టంలో ‘కళ్లు’ అని ఒక ఫోల్డరు కూడా ఉంది. గ్రూపు ఫొటోల్లో ఎవరో ఒకరు రెప్ప వేస్తారు కదా, అలాంటప్పుడు అందులోంచి ఒక జత తీసి అతికిస్తాడు. ఎవరూ కనిపెట్టరు. కనిపెట్టనంతకాలం అది గొప్ప పనితనమే.

“అన్నయ్య కళ్లు మూసేసుకున్నాడండి,” అన్నారు బుల్లబ్బాయి గారు. “పైగా నవ్వుతున్నాడు. చావింట్లో నవ్వే ఫొటో ఏం బాగుంటుందండి? కొంచెం పెద్దమనిషిలా చెయ్యండి.”

“ఆయ్, నేను చూసుకుంటానండి,” అన్నాడు దయానందం.

చూసుకున్నాడు. నోరు మూశాడు, బుగ్గల మీద గీతలు తుడిచాడు, ఫోల్డర్లోంచి తనకి బాగా నచ్చిన కళ్ల జత ఒకటి తెచ్చి పెట్టాడు. వెనకాల నీలం రంగు, మెడలో దండ. అయ్యాక ‘సేవ్ యాజ్’ అని కొత్త పేరు పెట్టాల్సింది పోయి, అలవాటుకొద్దీ ఉత్త ‘సేవ్’ నొక్కేశాడు. అంతే, నా తమ్ముడు పోయాడు. పేరు అదే, తేదీ అదే, లోపల ఉన్నది మాత్రం వేరే మొహం. ఆల్బంలోకి వెళ్లిన ప్రింటులోనూ, వాట్సాప్‌లో తిరిగిన కాపీల్లోనూ ఆ చివర ఎలాగూ కత్తిరించేశారు. తాతబ్బాయి గారు తాతబ్బాయి గారిలా మిగిలింది ఇక నాలో ఒక్కదానిలోనే. అది ఎవరికీ తెలీదు, నాకు తప్ప. చెబుదామంటే నన్ను తెరిచేవాడెవడు?

ఎనిమిది నెలలయ్యాక ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఆయన భార్య అచ్చియ్యమ్మ గారు స్టూడియోకొచ్చారు. గోడ మీది ఫొటోని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని తెచ్చారు. నూకరాజు ఎక్కడో పెళ్లికి వెళ్లాడు, దయానందం ఒక్కడే ఉన్నాడు.

“నాయనా, ఇది నువ్వు చేసిందేనా?”

“ఆయ్, మేమేనండి. గ్లాసు పగిలిందాండి?”

“పగల్లేదు. నిన్న పెద్దాపురంలో ఒకరింటికి పెద్దకర్మకి వెళ్లాను. అక్కడ దండేసి పెట్టిన మనిషి ఎవరో నేనెప్పుడూ చూళ్లేదు. కాని ఆ కళ్లు ఇవే. ఫ్లెక్సీ కింద మీ స్టూడియో పేరుంది. భోజనం చెయ్యకుండా వచ్చేశాను.”

“పోలికలుంటాయండి అమ్మగారూ.”

“పోలిక కాదు నాయనా.” ఆవిడ కుర్చీలో కూర్చుని తువ్వాలు విప్పారు. “రోజూ పొద్దున్నే దీపం పెట్టి ఈయనతో మాట్లాడతాను. నిన్న ఎవరొచ్చారో, ఏం వండానో అన్నీ చెబుతాను. ఎనిమిది నెలల్నుంచీ ఒక్కరోజు కూడా నా వంక చూసినట్టు అనిపించలేదు. నా మనసే బాగోలేదనుకున్నాను. ఇప్పుడు చెప్పు, ఇన్నాళ్లూ నేను ఎవరితో మాట్లాడాను?”

దయానందం తల దించుకున్నాడు. పదహారేళ్లలో ఆయన్ని ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

“బ్యాంకులో చేసే ఒకాయనవండి ఆ కళ్లు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చారు. చక్కగా పడ్డాయని దాచుకున్నాను.”

“ఆయన ఉన్నాడా?”

“ఉన్నారండి. కాకినాడ ట్రాన్స్‌ఫరైంది.”

“బతికున్న మనిషి కళ్లకి దండేసి దణ్ణం పెడుతున్నానన్నమాట,” అన్నారావిడ. కోపం కూడా లేదు ఆ గొంతులో. “మా ఆయన కళ్లు ఎక్కడున్నాయో అవి చూపించు నాయనా. నాకింకేం వద్దు,” అన్నారు.

దయానందం వెతికాడు. తమ్ముణ్ని తెరిచాడు, బ్యాంకాయన చూశాడు. అప్పుడు తను నొక్కింది ‘సేవ్’ అని గుర్తొచ్చి నుదురు కొట్టుకున్నాడు. ఇంకా వెతగ్గా వెతగ్గా నా ఫోల్డరు దొరికింది. నా మీద రెండుసార్లు నొక్కాడు. ఈ ఫైలు తెరవడం కుదరదంది సిస్టం. అది ముసలిది, నేను కొత్త కెమెరా పిల్లని, దానికి నా భాష రాదు. దయానందం ఏం చేశాడనుకున్నారు? నా పేరు చివరి తోక తీసేసి అక్కడ జేపెగ్ అని రాశాడు. పేరు మారిస్తే మనిషి మారతాడా చెప్పండి. ఈసారి సిస్టం ఏకంగా ఫైలు పాడైపోయిందనేసింది. నాకు మండిపోయింది. నాలో ఒక్క చుక్క చెడలేదు, చదవడం చేతకాక నన్ను పాడైందంటారు.

“పాడైపోయిందంటుందండి.”

“మళ్లీ చూడు. నేను కూర్చుంటాను. నాకు ఇంటి దగ్గర పనేం లేదు.”

ఆ కూర్చున్న తీరు చూసి దయానందం లేచాడు. బీరువా పైనుంచి కెమెరా అట్టపెట్టె దించి దుమ్ము దులిపాడు. అడుగున కంపెనీవాళ్లిచ్చిన సీడీ, సీలు కూడా తియ్యలేదు. నన్ను తెరిచే సాఫ్ట్‌వేర్ ఏడాది నుంచి నా నెత్తి మీదే ఉంది. దాన్ని ఎక్కించి, నా పాత తోక మళ్లీ నాకు తగిలించేసరికి అరగంట పట్టింది. ఆవిడ కదల్లేదు. ఫొటోని మాత్రం బోర్లించి ఒళ్లో పెట్టుకున్నారు.

తెరుచుకున్నాను. పుట్టాక మొదటిసారి. గొప్పగా ఏం లేను, ముందే చెప్పాను కదా. మధ్యలో పిల్ల, ఎడమ చివరంతా చీకటి, పైన హాలు లైట్ల గులాబీ రంగు మురికి.

“ఏం కనబడట్లేదు నాయనా.”

“ఉంటుందండి, లాగాలి.”

అప్పుడు నేనేమిటో దయానందానికి మొదటిసారి తెలిసింది. స్క్రీను పక్కన రంగు సరిచూసే గీత కాస్త జరిపితే గులాబీ మురికి దిగిపోయింది. నీడల గీత పైకి జరిపితే చీకట్లోంచి చొక్కా కాలరు వచ్చింది, తర్వాత మెడ, తర్వాత గడ్డం. జేపెగ్ తమ్ముడైతే అంత లాగేసరికి చిరిగిపోయేవాడు. నా దగ్గర అడుగున ఇంకా ఉంది. దయానందం చెయ్యి అలవాటుకొద్దీ తెల్లగా చేసే బటన్ వైపు వెళ్లింది.

“రంగు ముట్టుకోకు,” అన్నారావిడ.

చెయ్యి వెనక్కి తీశాడు. నీడలు ఇంకొంచెం పైకి లాగాడు. తాతబ్బాయి గారు వచ్చారు. నల్లటి మొహం, ఎండకి కమిలిన నుదురు, పక్క పన్ను ఒకటి లేని నోరు బార్లా తెరిచి నవ్వుతున్నారు. కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి.

“మూసుకునే ఉన్నాయండి,” అన్నాడు దయానందం తప్పు చేసినవాడిలా.

“ఇవే నాయనా. ఆయన నవ్వితే కళ్లు కనబడవు. పెళ్లిఫొటోలో కూడా ఇంతే, మా మావయ్యగారు తిట్టారు.” ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని స్క్రీను మీద చెయ్యి వేశారు. ఏడవలేదు. పలకరించినట్టు చూస్తూ ఉండిపోయారు. ఆ కాసేపూ నాకు పుట్టినందుకు సంతోషమేసింది, ఉన్నమాట చెబుతున్నాను.

“పక్కన ఎవరది?”

దయానందం ఫొటోని కొంచెం పక్కకి జరిపాడు. ఆయన భుజం దగ్గర, అంచున సగం తెగి, ఒకావిడ. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన చెవి దగ్గర ఏదో అంటోంది. ముక్కుపుడక మీద చిన్న మెరుపు.

“మీరేనండి.”

“నేనే.”

“మీరేదో అన్నారండి. అందుకే నవ్వారు.”

ఆవిడ నవ్వబోయారు. మెల్లిగా ఆ నవ్వు ఆగిపోయింది. “ఏమన్నాను నేను?”

ఆవిడ ఆలోచించారు. మరిదిగారి సఫారీ సూటు గురించా అన్నారు, కాదు, ఆయన వేరేవైపున్నాడు అన్నారు. పులిహోరలో ఉప్పు గురించేమో అన్నారు, భోజనాలు ఇంకా పెట్టలేదు కదా అని తనే అన్నారు. కళ్లు మూసుకుని కూర్చున్నారు. “నలభై ఒక్క ఏళ్లు కాపరం చేశాను నాయనా. ఆయన్ని నేను నవ్వించిందే ఎక్కువ. కళ్లెదురుగా ఉంది, ఒక్క మాట గుర్తు రావట్లేదు,” అన్నారు. అప్పుడు ఏడ్చారు.

నా సంగతి మీకు తెలుసు. ఆవిడ గాజు మీద గీతలు ఎన్నో చెప్పగలను. ఆయన కాలరు మీద అక్షింతల పసుపు ఎక్కడ అంటుకుందో చూపించగలను. ఆ మాట మాత్రం నాకు అందలేదు. కెమెరాలోకి వెలుగు వస్తుంది, మాట రాదు. అంత బరువు మోసుకుంటూ, అసలైనది ఒక్కటీ లేకుండా ఉన్నానన్నమాట. సిగ్గేసింది.

ఆవిడ ఏడుపు తగ్గాక దయానందం, “పెద్ద ప్రింటు తీసి ఇస్తానండి. ఇదే పెట్టుకోండి గోడకి,” అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని బోర్లించిన ఫొటోని మళ్లీ తువ్వాల్లో చుట్టారు.

“వద్దు నాయనా. ఇది పెట్టుకుంటే పొద్దున్న లేచిందగ్గర్నుంచీ ఏమన్నానో అని తడుముకుంటూనే ఉండాలి. ఆయన నవ్వుతూనే ఉంటాడు, నాకు గుర్తు రాదు. ఈ బ్యాంకాయనే ఉండనీ. ఈయన నన్నేం అడగడు.”

మెట్లు దిగి వెళ్లిపోయారు. దయానందం నన్ను మూయబోయాడు. చేసిన మార్పులు దాచమంటారా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఈసారి ఆయన వేలు తొందరపడలేదు. దాచి ఏం చెయ్యాలనుకున్నాడో, వద్దని నొక్కాడు. గీతలన్నీ ఎక్కడివక్కడికి వెళ్లిపోయాయి, ఎడమ చివర మళ్లీ చీకటైపోయింది. ఆ చీకట్లో అచ్చియ్యమ్మ గారు ఇంకా ఏదో చెబుతున్నారు, తాతబ్బాయి గారు ఇంకా నవ్వుతున్నారు. ఏమన్నారో నాకూ తెలీదు.