తలుపుల వెనక నూట నలభై మంది

మా అక్క ఆటలు తయారు చేస్తుంది, నేను వాటిని ఆడించే కంప్యూటర్లు బిగిస్తాను. ఏ కంప్యూటర్ మొరాయించినా నన్ను పిలవాల్సిందేనని మా వీధంతా చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. అందుకే ఆ రోజు పదింటికి అక్క తన కంప్యూటర్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని నా షాపుకి వచ్చింది. మొహంలో కళ లేదు.

"ఆటలు విడుదల చేసే కంపెనీ ఆవిడ నాలుగింటికి వస్తోందే. ఆవిడకి నచ్చితేనే ఇది బయటికొస్తుంది. లేదంటే మూడేళ్ల పని మూటగట్టి అటకెక్కించడమే," అంది.

ఆటని కొత్త తరం ఇంజిన్ మీద కట్టింది. ఇంజిన్ అంటే ఆటలోని లోకాన్నంతా నడిపే సాఫ్ట్‌వేర్. వాన పడుతున్న ఓ అంగళ్ల వీధి, తడిసిన రాళ్ల మీద దీపాల వెలుగు, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ సెకనుకు అరవై బొమ్మలు గీస్తేనే ఆట సాఫీగా సాగుతుంది. అక్కది ఇరవై రెండు దగ్గర చతికిలబడింది. గొడుగు పట్టుకున్న పెద్దమనిషి ఒక అడుగు వేసి, కాస్త ఆలోచించుకుని, రెండోది వేస్తున్నాడు.

"గ్రాఫిక్స్ కార్డు చాలట్లేదు. చిటికెలో పని," అన్నాను.

షాపులో ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద కార్డు తీశాను. పెట్టెలో పట్టలేదు. లోపలి అర ఒకటి రంపంతో కోసి మరీ పట్టించాను. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. సెకనుకెన్ని బొమ్మలో చూపే మీటరు ఇరవై మూడు దగ్గర ఆగింది.

అక్క కోసిన అర ముక్క తీసి నా చేతిలో పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాను. లోపల ఎవరెంత కష్టపడుతున్నారో తెరిచి చూశాను. నా పెద్ద కార్డు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. ప్రాసెసర్‌లో పన్నెండు భాగాలుంటే పదకొండు చేతులు కట్టుకుని చూస్తున్నాయి, ఒక్కటి మాత్రం చాకిరీ చేస్తూ కాగిపోతోంది. సెలవు రోజు మా ఇల్లు గుర్తొచ్చింది. బొమ్మ గీసేది కార్డే అయినా, ఎవరు ఎటు నడవాలో ముందు ప్రాసెసర్ తేల్చాలి. అది తేల్చేదాకా కార్డు కాచుకోవాల్సిందే.

"వీధిలో అరవై మందేగా ఉన్నారు? వాళ్ల గురించి ఇంత ఆలోచన దేనికే?"

అక్క తెరని తన వైపు తిప్పేసుకుంది.

అంతలో అమ్మ భోజనం డబ్బాతో వచ్చింది. అమ్మ వంట గురించి ఒక మాట చెప్పాలి. అడుగంటకపోతే అది మా ఇంటి కూర కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే తిని పెరిగాం. అక్క ఆటల్ని అందరికన్నా ముందు ఆడి చూసేది కూడా అమ్మే. కంట్రోలర్ అందుకుని, తీరిగ్గా నడిచి, ఒక మూసిన తలుపు ముందు ఆగింది.

"ఈ ఇంట్లో ఎవరున్నారే?"

"ఒక ముసలావిడ, ఆవిడ మనవలు," అంది అక్క.

"పక్కింట్లో?"

"దర్జీ. నిన్నటి నుంచి పెళ్లాంతో మాటల్లేవు."

నాకు విషయం బోధపడింది. "తలుపుల వెనక మొత్తం ఎంతమంది?"

"నూట నలభై."

ఎవరూ తొంగిచూడని ఇళ్లలో నూట నలభై మంది వండుకుంటున్నారు, అలుగుతున్నారు, కునుకు తీస్తున్నారు. వాళ్లందరి బాగోగులు ఆ ఒక్క భాగం క్షణక్షణం కనిపెట్టుకుని ఉంది. ఇలాంటి తప్పు మా అక్క తప్ప ఇంకొకరు చేయరు.

"తీసెయ్. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"వాళ్లున్నారని నాకు తెలుసు కదే." అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాళ్లు లేకపోతే అవి ఉత్త గోడలు. అదైతే నేను చూపించను."

"తీసెయ్యడం దేనికి?" అంది అమ్మ. "మీరు బడికెళ్లాక క్షణక్షణం మీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నానా? సాయంత్రం తలుపు తీసి, మీ మొహాలు చూసి, పొద్దున్నుంచి ఏం జరిగుంటుందో అప్పుడు లెక్కేసుకునేదాన్ని."

అక్కా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

అక్క డబ్బా వైపు కూడా చూడకుండా కీబోర్డు ముందు కూర్చుంది. తలుపు మూసి ఉన్నంతసేపూ లోపలివాళ్ల ఊసు ఎత్తకూడదు. తలుపు తీసినప్పుడే, ఈలోగా వాళ్లేం చేసి ఉంటారో ఒక్కసారి లెక్క కట్టాలి. రెండున్నరకల్లా మీటరు అరవై నాలుగు దాటింది. పాత కార్డు పెట్టి చూశాం. అరవై ఒకటి. కోసిన అర మాత్రం అతకలేదు. దాని గురించి అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

కంపెనీ ఆవిడ సరిగ్గా నాలుగింటికి వచ్చింది. కంట్రోలర్ అందుకుని, ఆటలోని వీధంతా సాఫీగా నడిచి, వానకి తలదాచుకోవడానికి ఒక తలుపు తట్టింది. ముసలావిడ తీసింది. మనవలు నిద్రపోయారు, తాడు మీద బట్టలు ఆరుతున్నాయి. "ఇంత తడిశావేంటమ్మా, లోపలికి రా," అంది ముసలావిడ. పక్కింట్లో దర్జీ పెళ్లాంతో కబుర్లు చెబుతున్నాడు. వాళ్లు ఎప్పుడు కలిసిపోయారో అక్కకే తెలియదు. కంపెనీ ఆవిడ అరగంటపాటు తలుపులు తడుతూనే ఉంది. వెళ్లేముందు అక్క చెయ్యి పట్టుకుని, "ఈ ఆట మేమే విడుదల చేస్తాం," అంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆకలి. డబ్బా తెరిచాం. కూర మామూలుగానే మాడింది.

"తలుపు తీసినప్పుడే ఆలోచించడం. భలే ఉపాయం చెప్పావమ్మా," అన్నాను.

"అదా?" అంది అమ్మ. "ఇది ఏడుస్తుంటే చూడలేక ఏదో అనేశాను. మీరు గడప దాటితే నాకు ఇంకో ధ్యాస ఉంటుందా? ఇవాళా అంతే. లేకపోతే రోజూ కూర ఎందుకు మాడుతుందే?"

అక్క గిన్నె తన వైపు లాక్కుని అడుగు గీకడం మొదలుపెట్టింది. నాకు కాస్త ఉంచమన్నాను.